చుట్టిల్లు చూడ్డానికి టిక్కెట్టు

మా వైపు ఇల్లు చూడాలంటే ఇప్పుడు చెన్నపట్నం పోవాలి. పోయి, మహాబలిపురం దారి పట్టి, పాతిక కిలోమీటర్ల దూరంలో ముట్టుకాడు దగ్గర దిగి, టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాలి. అప్పుడు గాని మా గుండ్రటి మట్టిల్లు, అదే చుట్టిల్లు, కంటబడదు. వెటకారానికి అనడం లేదు. మా రోజుల్లో విశాఖపట్నంలో పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఇచ్ఛాపురం దాకా చుట్టిళ్ళే చుట్టిళ్ళు. చూసి చూసి విసుగెత్తేది. ఇప్పుడు అదే దారిలో సిమెంటు డాబాలు, వాటి నెత్తిన నల్ల ట్యాంకులు. ఏ ఊరు దాటుతున్నామో బోర్డు చదివితే తప్ప తెలీదు.

ముట్టుకాడులో ఉన్నది విశాఖ వైపు హరిపురం చుట్టిల్లు. దాన్ని అక్కడ నిలబెట్టినవాళ్ళు దక్షిణచిత్ర అనే ప్రదర్శనశాల వాళ్ళు. 1984లో మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ అని ఒక సంస్థ పెట్టుకుని, పన్నెండేళ్ళు తిప్పలు పడి, 1996 డిసెంబరులో జనానికి తలుపులు తెరిచారు. పదెకరాల నేల, ఎదురుగా బంగాళాఖాతం. దక్షిణాది ఇళ్ళన్నీ అక్కడికి చేరాయి. చెట్టినాడు నుంచి వర్తకుల ఇల్లు, కేరళ పుత్తుపల్లి నుంచి సిరియన్ క్రైస్తవుల ఇల్లు, కర్ణాటక నుంచి ఇల్కల్ నేతగాళ్ళ ఇల్లు, నల్గొండ వైపు కొయ్యలగూడెం నుంచి ఇక్కత్ నేసేవాళ్ళ ఇల్లు, మా వైపు నుంచి ఈ చుట్టిల్లు. ఇదంతా తలకెత్తుకున్నావిడ డెబొరా త్యాగరాజన్. అమెరికాలో పుట్టి తమిళుల ఇంటికి కోడలుగా వచ్చింది. స్థలానికి రూపు గీసిచ్చింది లారీ బేకర్, ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడి, మట్టితోనూ ఇటుకతోనూ చవగ్గా ఇళ్ళు కట్టిన మహానుభావుడు. ఆ గీత మీద ఇళ్ళు లేపింది మలయాళీ ఆర్కిటెక్టు బెన్నీ కురియాకోస్.

అంటే మన ఇల్లు దాచడానికి ఒక అమెరికా కోడలు, ఒక ఇంగ్లీషు పెద్దాయన, ఒక మలయాళీ కావలసివచ్చారు. మరి మనవాళ్ళేం చేస్తున్నారంటారా? పొక్లెయిన్‌కి గంటల లెక్కన డబ్బులిచ్చి ఉన్నవి కూలదోయిస్తున్నారు.

మా మనవడు నాతోపాటు ముట్టుకాడు వచ్చాడు. చుట్టిల్లు చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి వంగి చూసి, "తాతా, దీనికి మూలలే లేవు, మంచం ఎక్కడ వేసుకునేవారు?" అన్నాడు. బుర్ర ఉన్నవాడి ప్రశ్నే. మంచం లోపల వేసుకునేదెవరు? మగవాళ్ళ మంచాలు వీధిలోనో, కల్లంలోనో, చావిట్లోనో. లోపల ఆడవాళ్ళు, పిల్లలు చాపలు పరుచుకుని పడుకునేవారు. గుండ్రంటి గదిలో కాళ్ళన్నీ మధ్యకి, తలలన్నీ గోడవైపుకి. పొద్దున్నే చాపలు చుట్టేస్తే ఇల్లంతా ఖాళీ. ఇప్పుడు వాడి గదిలో మంచం, బీరువా, టేబులు పోగా వాడు నిలబడ్డానికే చోటు లేదు. అది మాత్రం వాడికి వింతగా తోచదు.

ఆ ఇల్లు ఎలా లేస్తుందో వాడికి చెప్పబోయాను. ఫోను చూసుకుంటున్నాడు. కాబట్టి మీకు చెబుతాను, ఓపిక ఉంటే వినండి.

ముందు నేల మధ్యలో మేకు కొట్టి, దానికి తాడు కట్టి, తాడు చివర పుల్లతో గీత గీసేవారు. అదే ప్లాను. ఇంజనీరు లేడు, మునిసిపాలిటీ అనుమతి లేదు. చెరువు అడుగు మట్టి బళ్ళతో తోలుకొచ్చి, నీళ్ళు పోసి నానబెట్టి, గడ్డి ముక్కలు కలిపి, మనుషులో పశువులో తొక్కి తొక్కి మెత్తన చేసేవారు. ఆ ముద్దలు ఒకదాని మీద ఒకటి వేసి మోకాలెత్తు వరస పెట్టి ఆపేసేవారు. అది ఆరాలి. ఆరితేగాని రెండో వరస లేదు. తొందరపడితే గోడ బొజ్జ పెట్టి కూర్చుంటుంది. కింద మందంగా, పైకి పోయేకొద్దీ పల్చగా, మనిషెత్తు వచ్చేసరికి గోడ ముగిసేది. ఇన్ని రోజుల్లో ఇల్లు అప్పజెప్పాలని మేస్త్రీ మెడ మీద కత్తి పెట్టేవాడెవడూ లేడు. ఎండ ఎప్పుడు ఆరబెడితే అప్పుడు ఇల్లు.

గోడ మీద తాటి దూలాలు. ఏ తాడి పడితే ఆ తాడి పనికిరాదు. బాగా ముదిరి లోపల నల్లగా చేవ తేలినది కావాలి. దూలాల మీద కర్రలు దగ్గరదగ్గరగా పేర్చి, వాటి మీద మట్టి దట్టంగా మెత్తితే అటక. దాని పైన కొప్పులా లేచే వాసాలు, ఆ వాసాల మీద తాటాకు. వేసవిలో కమ్మలు కొట్టించి, ఎండబెట్టి, బరువులు పెట్టి చదును చేసి, వానలు పడేలోగా కప్పు నేసేవారు. చూరు కిందికి, ఎంత కిందికంటే గుమ్మం ముందు నడుం వంచితేగాని లోపలికి పోలేనంత కిందికి దిగేది. పెద్ద ఉద్యోగం చేసే మా చిన్నాన్న సెలవులకొస్తే ఆ చూరుకి తల కొట్టుకోకుండా లోపలికి వెళ్ళిన సందర్భం నేను చూళ్ళేదు. ఇంట్లోకి వచ్చేవాడు ఎవడైనా సరే వంగే రావాలి మరి!

చూరు అంత కిందికి ఎందుకు? ఎండ పడకుండా అనుకుంటారు, వాన గోడకి కొట్టకుండా అనుకుంటారు. రెండూ నిజమే. మట్టిగోడకి వాన శత్రువు కదా. కానీ అసలు సంగతి గాలి. తుపాను గాలి ఇంటిని తోసి పడెయ్యడం కన్నా ముందు కప్పు ఎగరగొడుతుంది. కప్పు కిందికి దూరి పైకి ఎత్తుతుంది. చూరు నేలకి దగ్గరగా ఉంటే దూరడానికి సందేదీ? కప్పు బాగా ఏటవాలుగా ఉంటే గాలి దాని మీదుగా జారిపోతుంది. గోడ గుండ్రంగా ఉంటే ఏటి నీళ్ళు బండరాయి చుట్టూ చీలిపోయినట్టు గాలి రెండువైపులా చీలిపోతుంది. నలుచదరం ఇంటికైతే వెడల్పాటి గోడ ఎదురొడ్డి నిలబడుతుంది, మూలల దగ్గర గాలి సుళ్ళు తిరిగి కప్పు పీకుతుంది. ఇంకొకటుంది, ఇది తీరంలో పుట్టినవాళ్ళకే తెలుస్తుంది. తుపాను కన్ను మన మీదుగా పోతే ముందు ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు ఊపిరాడనంత నిశ్శబ్దంగా ఉండి, ఆ తరవాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఆ నిశ్శబ్దం చూసి తుపాను పోయిందని బయటికెళ్ళినవాళ్ళు తిరిగి రారు. చుట్టింటికి ముందూ వెనకా లేదు. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా దానికొకటే.

ఇక అటక. తాటాకు కప్పుకి నిప్పురవ్వ చాలు. ఎండాకాలం పడమటి గాలికి ఒక ఇల్లంటుకుంటే వీధి వీధంతా బూడిద అయిపోయేది. మా వాళ్ళు ఆ భయంతోనే మట్టి అటక పెట్టారు. పైన కప్పు తగలబడి కూలినా, మట్టి అటక నిప్పుని కిందికి రానివ్వదు. విత్తనపు ధాన్యం, పెట్టె, ఇంట్లో ముసలివాళ్ళు కింద క్షేమంగా ఉంటారు. మంట ఆరాక మళ్ళీ తాటాకు వేసుకోవడమే. కప్పు పోయేదే, ఇల్లు ఉండేదే అని ముందే లెక్క వేసుకుని కట్టిన ఇల్లది.

ఇంతా చెప్పి అది స్వర్గమని అంటే మా అమ్మ ఏ లోకాన ఉందో అక్కణ్ణించి చీపురు విసురుతుంది. ప్రతి పండక్కీ గోడలు అలికేది, పేడనీళ్ళతో నేల అలికేది, కింద జాజు పట్టీ, పైన సున్నం వేసేది ఆవిడే. నడుం పట్టేసి రాత్రి మూలుగుతుంటే మేం చెవులు మూసుకుని పడుకునేవాళ్ళం. మగవాళ్ళం ఇల్లు చల్లగా ఉందని మెచ్చుకుంటూ వీధిలో మంచం వేసుకునేవాళ్ళం. కిటికీలు లేవు, పొగ. తాటాకులో తేళ్ళు, జెర్రులు, ఎలకల కోసం వచ్చే పాములు. రెండుమూడేళ్ళకోసారి కప్పు నేయించలేని ఇంట్లో వానాకాలం గిన్నెలు చాలేవి కావు. నీళ్ళు నిలిస్తే మట్టిగోడ కరిగి కూలేది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెనలో వేల మంది పోయారు. అక్కడ గాలి కన్నా నీళ్ళు మింగినవాళ్ళే ఎక్కువ. అంత కెరటం వస్తే చుట్టిల్లూ నిలవదు, మరో మట్టిల్లూ నిలవదు. అది గాలికి కట్టిన ఇల్లు. సముద్రం లేచి ఊరి మీదికి వస్తే ఎత్తయిన సిమెంటు షెల్టరే దిక్కు. అవి కట్టినవాళ్ళకి దండం పెడతాను.

కాబట్టి డాబా కట్టుకున్నవాడిని నేను తిట్టను. ఆడమనిషి నడుం విరగకుండా ఉండాలనుకోవడం తప్పెలా అవుతుంది? నా గొణుగుడంతా వేరే. ఆ మట్టింటిని సర్కారు ఎన్నడూ పక్కా ఇంటి లెక్కలో వెయ్యలేదు. దాంతో పథకం వచ్చిందంటే చుట్టిల్లు కూల్చాలి, అదే జాగాలో నలుచదరం కట్టాలి, ఫొటో తీసి పంపాలి. డబ్బులు చాలనివాడు సగం గోడలు లేపి పైన రేకులు వేసుకున్నాడు. వేసవిలో రేకుల కింద మనిషి ఉడుకుతాడు. గాలివానొస్తే ఆ రేకే కత్తయి ఎగురుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దరిదాపు గాలి. ఆ మర్నాడు మా చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగాను. కొబ్బరితోటలు దువ్వినట్టు ఒకవైపుకి పడున్నాయి. ఆస్‌బెస్టాస్ రేకులు ఎవరివి ఎవరి పొలంలో ఉన్నాయో తెలీదు. ఒక ఊరి చివర పాత చుట్టిల్లొకటి మిగిలుంది. తాటాకు అక్కడక్కడ రేగింది. అంతే. ఆ ఇంటి ముసలావిడ అప్పటికే పొయ్యి రాజేసింది. ఆ ఇల్లూ ఇప్పుడు లేదు. గాలికి పోలేదు, కొడుకులు వాటాలు పంచుకుంటే పోయింది. గుండ్రటి ఇంటిని రెండుగా కొయ్యలేం కదా!

మళ్ళీ ముట్టుకాడు మాటకొస్తే, ఇళ్ళని ఊడదీసి మరోచోట నిలబెట్టడం కొత్త విద్యేం కాదు. స్వీడన్ దేశంలో స్టాక్‌హోమ్ నగరంలో 1891లోనే స్కాన్సెన్ అని ఒక ప్రదర్శనశాల పెట్టి, దేశం నలుమూలల నుంచి రైతుల ఇళ్ళు తెచ్చి నిలబెట్టారు. విజయనగరంలో గురజాడవారి కన్యాశుల్కం తొలిసారి ఆడటానికి ఒక ఏడాది ముందు మాట అది. మనకీ ఆ విద్య తెలీకపోలేదు. నాగార్జునసాగర్‌కి 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశాక, మునిగిపోయే లోయలో తవ్వి తీసిన ఇక్ష్వాకుల కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని ఒడ్డున అనుపుకి చేర్చారు. కొండ మీదివి ఇవాళ పడవెక్కి వెళ్ళి చూసొస్తున్నాం. శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కృష్ణా తుంగభద్రలు కలిసే చోటున్న కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్ళీ పేర్చారు. గొప్ప పని. కాదన్నవాడికి కళ్ళు పోతాయి. కానీ ఆ నీళ్ళలోనే ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. వాటిలో మనుషుల ఇళ్ళుండేవి, నది వైపు అరుగులుండేవి, తరాల నాటి దర్వాజాలుండేవి. వాటికి నష్టపరిహారం లెక్క కట్టారు గానీ, ఒక్క ఇంటి దూలానికైనా అంకె వేసి భద్రంగా తరలించారని నేను వినలేదు. దేవుడి ఇల్లయితే చరిత్ర, మనిషి ఇల్లయితే చదరపు గజాల లెక్క! ఉప్పాడలో చూడండి, సముద్రం ఏటికేడాది ఊరిని కొరుక్కు తింటోంది. గోడ కూలకముందే తలుపులూ కిటికీలూ పీక్కుని వెనక్కి జరిగే జాలర్లని అడగండి, ఇల్లు తరలించడమంటే ఏమిటో వాళ్ళు చెబుతారు.

రాతి గుడి తరలించడం కష్టమే గానీ దారి తెలిసిన కష్టం. కేరళ కొయ్య ఇల్లయితే ఇంకా సులువు. ఆ వడ్రంగులు కట్టడమే విప్పడానికి వీలుగా కట్టారు, గాడికి గాడి, మేకుకి పనే లేదు. విప్పి, అంకెలు వేసి, లారీలో పేర్చి, దించినచోట మళ్ళీ బిగించుకోవచ్చు. చెట్టినాడు ఇంటి టేకు స్తంభాలూ అంతే. మట్టి ఇంటికి ఆ అవకాశం లేదు. మట్టిగోడని విప్పడమంటే పగలగొట్టడమే. లారీకెత్తితే చెరువుమట్టే మిగులుతుంది. మరి చుట్టిల్లు చెన్నపట్నం ఎలా వెళ్ళిందంటే, కొలతలు వెళ్ళాయి, పద్ధతి వెళ్ళింది. గోడ అక్కడ కొత్తగా లేవాల్సిందే. లేచాక కూడా ఊరుకోదు. సముద్రపు ఉప్పుగాలికి ఏటా అలుకు కావాలి, కొన్నేళ్ళకోసారి కొత్త తాటాకు కావాలి. రాతి గుడిని తెచ్చి పెట్టి తాళం వేసుకుని వెళ్ళిపోవచ్చు. మట్టింటికి మనిషి చెయ్యి తగులుతూ ఉండాలి. అందుకే ఆ ప్రదర్శనశాల వాళ్ళ మీద నాకు గౌరవం. గోడ నిలబెట్టడంతో వాళ్ళ పని అయిపోలేదు, ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నారు.

నా బెంగ ఆ చేతుల గురించే. మా ఊళ్ళో గోడ పెట్టే మనిషి ఉండేవాడు. వరస ఎప్పుడు ఆరిందో వేలితో నొక్కి చెప్పేవాడు. వాడి కొడుకు సెంట్రింగు పనికి హైదరాబాదు పోయాడు. మనవడు చెన్నైలో అపార్టుమెంటులు కడుతున్నాడు, ముట్టుకాడు పక్కనే ఉంటాడేమో కూడా. ఇక కప్పు నేసేవాళ్ళు. తాడెక్కే కులవృత్తివాళ్ళు తగ్గిపోయారు, తాళ్ళు ఇటుక బట్టీలకి పోయాయి. ఈమధ్య ఎవరో పశువులపాక కప్పించాలంటే మూడు ఊళ్ళు తిరిగారు. దొరికిన మనిషి నా వయసువాడు, నిచ్చెన ఎక్కడానికి కొడుకు ఒప్పుకోలేదు. ఆఖరికి పాక మీదికి నీలం టార్పాలిన్ ఎక్కింది.

ఇదంతా చూస్తూ బీచి రోడ్డు వెంట పోతే ఇంకో తమాషా. సిమెంటుతో గుండ్రటి గదులు పోసి, పైన ప్లాస్టిక్ తాటాకు బిగించి, లోపల ఏసీ పెట్టి, రాత్రికి వేలకు వేలు తీసుకుంటున్నారు. మట్టిరంగు పెయింటు కూడానూ. పల్లెటూరి అనుభూతి అట. పక్క ఊళ్ళో నిజం చుట్టింట్లో ఉన్నవాడు సిగ్గుపడి దాన్ని కూల్చి అప్పు చేసి డాబా వేసుకుంటున్నాడు. ఊళ్ళో వాడు పేదవాడైతే అది పూరిగుడిసె, పట్నం వాడు అద్దెకి దిగితే అది కాటేజీ. దీన్ని అభివృద్ధి అనమంటే నాకు నోరు రావడం లేదు.

మా వాడు తిరుగుప్రయాణంలో రైల్లో ఫోను పక్కన పెట్టి అడిగాడు: "ఇంత గట్టి ఇల్లయితే నువ్వెందుకు డాబా కట్టావు తాతా?" కట్టానురా. మీ మామ్మ అలకలేనంది, నేను అలకడం నేర్చుకోలేదు. అదే నిజం. మగవాళ్ళం ఆ పని సగమైనా నేర్చుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, విశాఖ జిల్లాల కలెక్టరు బాబులకి ఒక ముసలివాడి మనవి. మీ మీ జిల్లాల్లో నిలబడి ఉన్న చుట్టిళ్ళు ఎన్నో ముందు లెక్క రాయించండి. వాటిని మ్యూజియంకి ఎత్తుకెళ్ళొద్దు, టిక్కెట్టు పెట్టొద్దు, చుట్టూ ఇనప కంచె వెయ్యొద్దు. మనుషులుంటున్న ఇళ్ళని మనుషులతోనే ఉంచి, కప్పు నేయించే ఖర్చు, అలికే మనిషి కూలి మీరివ్వండి. ఇల్లుగల ఆసామికి పథకం డాబా ఇస్తే పక్క జాగాలో కట్టనివ్వండి, చుట్టిల్లు కూలిస్తేనే బిల్లు ఇస్తామనకండి. ఆంధ్రా యూనివర్సిటీలో ఆర్కిటెక్చరు చదివే పిల్లల్ని ఒక వేసవి ఈ ఊళ్ళకి పంపండి, మట్టి తొక్కడం, తాటాకు నేయడం చేతులారా నేర్చుకుని రమ్మనండి. ఇంట్లో చుట్టిల్లు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. కూల్చాలనే నిశ్చయించుకుంటే కూల్చండి, మీ ఇల్లు మీ ఇష్టం. పొక్లెయిన్ పిలిచే ముందు మాత్రం కొలతలు తీసి, ఫొటోలు తీసి, ఆ గోడ పెట్టిన మనిషి బతికుంటే ఆయన చెప్పేదంతా రాసి పెట్టండి.